చంద్రుడి మట్టిలో జిడ్డు

సూదక్క ఆ ల్యాబులో చేరింది నేల తుడవడానికి. స్టూలెక్కింది మాత్రం ముగ్గురు డిగ్రీలవాళ్ళ చేతగానితనం పుణ్యమా అని.

అప్పట్లో అక్కడ ఏటి ఇసుక మీద పని జరిగేది. ఒకరోజు ఆ ముగ్గురూ మైక్రోస్కోపు చుట్టూ మూగి, ఒక్క ఇసుక రేణువును పళ్ళెంలోంచి గాజు పలక మీదికి మార్చలేక గంటసేపు ఆపసోపాలు పడ్డారు. సూది తగలగానే రేణువు పక్కకు గెంతేది. ఆమె తడిగుడ్డ బకెట్టులో పడేసి, చేతులు తుడుచుకుని, నేనోసారి చూడనా అంది. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు పూర్తయ్యేలోపు రేణువు పలక మీద ఉంది.

ల్యాబును నడిపే పెద్దాయన అది చూశాడు. అప్పటికాయన జుట్టు ఇంకా నల్లగా ఉండేది. మర్నాడు చీపురు ఇంకొకరి చేతికి పోయింది, ఆమె స్టూలు మీద కూర్చుంది. పెద్దాయన పక్కనే నిలబడి ఒక కిటుకు కూడా నేర్పాడు. ఆ గదిలో గాలి ఎప్పుడూ పొడిగా ఉండాలి, పొడిగాలిలో రేణువు సూదికి అంటినట్టే అంటి చిటుక్కున ఎగిరిపోతుంది. సూది మొనను ముక్కు పక్క మడతలో ఒక్కసారి రాసుకుంటే చాలు, కంటికి కనపడని ఆ జిడ్డుకు రేణువు బుద్ధిగా వచ్చి అతుక్కుంటుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆయనకు ఆయన గురువు చూపించాడట.

అప్పటినుంచి పంతొమ్మిదేళ్ళు. సూదీ ముక్కూ, ముక్కూ సూదీ. రోజుకు అరవై రేణువులు. ఇసుకను రంగులవారీగా, ఆకారాలవారీగా వేరుచేసి పలకల మీద బారులు తీర్చేది. వచ్చిన పరిశోధకులు ఆ పలకలు పట్టుకుని యంత్రాల దగ్గరికి పోయి, ఏవేవో రాసుకుని, డాక్టర్లయి వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె స్టూలు మీదే ఉండేది. ఆమె కడుపుమంట అది కాదులెండి. ఇంట్లో ఎవరికీ ఆమె ఏం చేస్తుందో అర్థం కాకపోవడం అసలు మంట. టైర్ల కొట్టు పైన రెండు గదులు, ఒక గదిలో వాళ్ళు, పక్క గదిలో బావగారి కుటుంబం. తోడికోడలు ఎవరొచ్చినా నవ్వుతూ పరిచయం చేసేది, మా చెల్లెలు దుమ్ము ఏరుతుంది, దానికి కూడా జీతమిస్తారు చూడండి అని. లేత్ మిషను మీద పనిచేసే మొగుడు కూడా ఆ నవ్వులో కలిసేవాడు.

ఆ నవ్వు ఒక్క రోజులో ఆగిపోయింది. చంద్రుడి మట్టి వచ్చిన రోజు.

వచ్చింది అయిదు గ్రాములు. వేరే సంస్థవాళ్ళు అప్పుగా ఇచ్చారు, సీసా మూత మీద ముద్రలు వేసి మరీ. రంగు చూస్తే పొయ్యిలోంచి ఎత్తిన బూడిద. కానీ అది చంద్రుడిది. తోడికోడలు ఆ సాయంత్రం కాఫీ పెట్టిచ్చి, మెల్లగా, "నువ్వే ముట్టుకుంటావా దాన్ని?" అని అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె సూదక్కను ఏదైనా తెలుసుకోవడానికి అడగడం అదే మొదటిసారి.

సూదక్క చెప్పింది. పెద్దాయన సందర్శకులకు చెప్పే ఉపన్యాసాలు వినీ వినీ ఆమెకు నోటికొచ్చేశాయి. అక్కడ గాలి లేదు, వాన లేదు. పైనుంచి వచ్చే రాయికి అడ్డమన్నది లేదు. ఉల్క వచ్చి గుద్దుకుందంటే నేల కరిగిపోతుంది, కరిగిన చుక్కలు ఎగిరి, కింద పడేలోపే గడ్డకట్టి గాజుపూసలవుతాయి. కొన్నిచోట్ల ఆ కరిగిన గాజే జిగురులా పాకి, పక్కనున్న రేణువులన్నింటినీ కలిపి అతుకుముద్దలు చేస్తుంది. ఇంకొన్ని రేణువుల మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటాయి. నికెల్ కలిసిన ఇనుపచుక్కలు ఇక్కడొకటి అక్కడొకటి.

"మరి ఆ గుద్దిన రాయేమవుతుంది?" అంది తోడికోడలు.

"అది ఆవిరైపోతుందక్కా. నూటికి ఒకటో రెండో పాళ్ళు మిగుల్తుందంతే. గుద్దినోడు పోతాడు, దెబ్బతిన్న నేల కోట్ల ఏళ్ళు అలాగే పడుంటుంది."

పెద్దాయనకు కావాల్సింది ఆ నూటికి ఒకటే. ఎప్పుడో ఒకసారి గుద్దిన రాయి తునక కాలకుండా మిగులుతుంది. నల్లగా, మెత్తగా, పెన్సిలు ముల్లు పొడిలా. అది ఏరి పెట్టమన్నాడు.

మట్టితో పాటు ఒక నియమాల కాగితం కూడా వచ్చింది. గ్లవ్స్ వేసుకోవాలి, మాస్కు కళ్ళ కింది దాకా ఉండాలి, చర్మం తగిలినదేదీ మట్టికి తగలకూడదు. తప్పు చేసినవారిని మళ్ళీ ఆ మట్టి దగ్గరికి రానివ్వరు. పెద్దాయన గట్టిగా చదివి వినిపించి అందరి చేతా సంతకాలు పెట్టించాడు. సూదక్క కూడా పెట్టింది. మొదటి వారం ఆ కాగితం ప్రకారమే ఏరింది. రోజుకు అయిదు వచ్చాయి. శనివారం పెద్దాయన వచ్చి పలక చూసి, ఏమ్మా, చెయ్యి ముసలిదైపోయిందా, కొత్తవాళ్ళని చూసుకోవాలా అన్నాడు. సోమవారం మాస్కు ఒక అంగుళం కిందికి దిగింది. సోమవారం రేణువులు యాభై ఎనిమిది. ఇన్నెలా వచ్చాయని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

మూడు నెలల్లో ఎనిమిది నల్లతునకలు దొరికాయి.

వాటిని కాల్చి, వచ్చిన ఆవిరిని యంత్రంలోకి పంపి అందులో ఏముందో చూసే పని ఒక పరిశోధక విద్యార్థినిది. నాలుగేళ్ళుగా అక్కడే ఉంటోంది, పొద్దస్తమానం చేతిలో గ్రాఫు కాగితాలే కాబట్టి అందరూ గ్రాఫమ్మ అనేవారు. ఆ పొడిగాలికి ఆమె వేళ్ళు పగిలి నెత్తురు కారేవి. డ్రాయర్‌లో క్రీము ట్యూబు పెట్టుకుని, ఇంటికెళ్ళేముందు రాసుకునేది. సూదక్కను అక్కా అని పిలిచి, తను తెచ్చుకున్న డబ్బాలో సగం ఆమెకు పెట్టి, ఎనిమిది పలకల మీద ఎవరు ఏరారో రాసే గడిలో సూదక్క పేరు తనే గుండ్రంగా రాసిన పిల్ల.

ఎనిమిదింటిలోనూ గ్రాఫు ఒకేచోట తాటిచెట్టంత లేచింది. కొవ్వులాంటిది, కార్బన్‌తో అల్లుకున్న నూనె. పెద్దాయన కుర్చీలోంచి లేచి గ్రాఫమ్మ తల నిమిరాడు. ఉల్క చంద్రుడి మీద ఇనుమే కాదు, నూనె కూడా వదిలివెళ్ళింది. ప్రాణానికి కావాల్సిన ముడిసరుకు ఆకాశంలోంచి పడుతోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? వ్యాసం అచ్చయింది, పేపర్లవాళ్ళు వచ్చారు, ఫొటోలో పెద్దాయన భుజం వెనక సూదక్క సగం చెవి పడింది. తోడికోడలు ఆ సగం చెవిని కత్తిరించి గోడకు అంటించింది. మొగుడు మాత్రం, అక్కడేదైనా నూనె మిల్లు పెడుతున్నారేమో కనుక్కో, నాకు ఫోర్‌మన్ ఉద్యోగం ఇప్పించు అన్నాడు. ఆమె కూడా నవ్వింది.

నవ్వు ఆగాక ఒక్క మాట చెవిలో మిగిలిపోయింది. నూనె.

ఆ రాత్రి నిద్రపట్టక వేలితో ముక్కు పక్కన తడుముకుని, దీపం దగ్గర పెట్టి చూసుకుంది. వేలి కొన మెరుస్తోంది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు స్టూలెక్కి, మాస్కు కళ్ళ దాకా లాక్కుని, మళ్ళీ మధ్యాహ్నానికి అంగుళం దించింది. చెప్తే స్టూలు పోతుంది. స్టూలు పోతే గోడ మీది చెవి కూడా పోతుంది, తోడికోడలు కాఫీ కూడా.

గ్రాఫమ్మ మూర్ఖురాలైతే కథ ఇక్కడితో అయిపోయేది. ఆమె ఒక ఖాళీ పలకను కాల్చి చూసింది. ఏమీ లేవలేదు. తనే కూర్చుని, రోజుకొకటి చొప్పున నాలుగు రేణువులు శుభ్రమైన సూదితో ఏరి కాల్చింది. ఏమీ లేవలేదు. సూదక్క ఏరిన మామూలు గాజుపూసను కాల్చింది. తాటిచెట్టు. అప్పుడు స్టూలు పక్కన బల్ల లాక్కుని కూర్చుని, అక్కా, నువ్వెంత బాగా ఏరతావో ఒకసారి చూస్తాను అంది. సూదక్క జాగ్రత్తగానే ఉండాలనుకుంది. కానీ పంతొమ్మిదేళ్ళ చెయ్యి యజమాని మాట వినదు. నాలుగో రేణువుకు ఎడమచెయ్యి మాస్కు దించింది, సూది తనంతట తనే పైకి లేచి, ముక్కు పక్కన రాసుకుని, కిందికి దిగింది.

గ్రాఫమ్మ తన బల్లను ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. సూదక్క మోచెయ్యి పట్టుకుని, "అక్కా, నేను సార్‌కి చెప్పాలి. నీ మీదికి రాకుండా చెప్తాను. పద్ధతిలో లోపం అంటాను, మనిషిది అనను. నన్ను నమ్ము," అంది.

సూదక్కకు అందులో వినపడింది ఒక్క ముక్కే. చెప్పాలి.

గ్రాఫమ్మ ఆ సాయంత్రం తన పరీక్షలన్నీ వరసలో రాసుకోవడానికి కూర్చుంది, రేపు పొద్దున్న చూపిద్దామని. అదే సాయంత్రం సూదక్క పెద్దాయన గది తలుపు తట్టింది. నిలబడే చెప్పింది. మొదట తిన్నగా రాలేదు మాట. ఆ గ్రాఫులో ఏదో తేడా ఉందంటున్నారండి, జిడ్డు అంటున్నారండి అంది. పెద్దాయన చదువుతున్న కాగితం కింద పెట్టాడు. ఆయన ముఖంలో రంగు మారడం ఆమె స్పష్టంగా చూసింది. ఆయన చెయ్యి, తెలియకుండానే, ముక్కు దాకా వెళ్ళి ఆగింది.

"నువ్వెప్పుడూ మాస్కు తియ్యవు కదమ్మా?" అన్నాడాయన.

"తియ్యనండి."

"మరి పలకలు ఇంకెవరు ముట్టుకుంటారు?"

ప్రశ్న అడిగినట్టు లేదు, మెట్టు వేసి ఎక్కమన్నట్టుంది. సూదక్క ఎక్కింది. ఆ అమ్మాయి చేతులకు ఏదో క్రీము రాసుకుంటుందండి, డ్రాయర్‌లో ఉంటుంది, గ్లవ్స్ లేకుండా పలకలు పట్టుకోవడం నేను రెండు మూడుసార్లు చూశానండి. నిజానికి ఒక్కసారి కూడా చూడలేదు. అంటున్నప్పుడు ఆ పిల్ల పగిలిన వేళ్ళు కళ్ళ ముందు ఆడాయి. మాట మాత్రం వణకలేదు, చెయ్యి వణకనట్టే. పెద్దాయన చాలా మెల్లగా, మంచిపని చేశావు అన్నాడు.

మర్నాడు గ్రాఫమ్మ తన కాగితాలతో వెళ్ళేసరికి క్రీము ట్యూబు పెద్దాయన బల్ల మీద ఉంది.

విచారణ వారం తర్వాత, ఆ ల్యాబులోనే. పై కార్యాలయం నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. గ్రాఫమ్మ తడబడకుండా చెప్పింది: క్రీము పని అయ్యాకే రాసుకుంటాను, నేను ఏరినవాటిలో జిడ్డు లేదు, అక్క ఏరినవాటిలోనే ఉంది, అక్కకు ముక్కు రాసుకునే అలవాటుంది, అది అక్క తప్పు కాదు, శుభ్రమైన సూదితో రోజుకు అరవై ఎవరివల్లా కాదు. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. నువ్వు ఏరానంటున్న నాలుగూ నువ్వే ఏరావు, నువ్వే కాల్చావు, నువ్వే రాశావు, సాక్షి ఎవరూ లేరు కదా అన్నాడు. ముక్కంటున్నావు, సరే. ఆమె ఇక్కడే ఉంది, అందరి ముందూ ఏరమందాం. నిజంగా అలవాటే అయితే అది లేకుండా ఆమెకు చేతకాకూడదు.

మైక్రోస్కోపుకు తెర తగిలించారు. పళ్ళెంలోని రేణువులు గోడంతయి కనిపించాయి, విరిగిన సీసాపెంకుల్లా. సూదక్క స్టూలెక్కింది. మాస్కు, టోపీ, గ్లవ్స్, కొత్త సూది. ఒక గాజుపూసను ఎంచుకుంది. తెర మీద అది చెరువంత మెరుస్తోంది.

మొదటిసారి సూది తగలగానే పూస గెంతింది. రెండోసారి కాస్త లేచి, తెర అంచుదాకా దొర్లింది. పెద్దల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. నుదుటి మీది చెమట చుక్క ఒకటి కనుబొమ్మ దాటి, ముక్కు పక్క మడతలోకే వచ్చి కూర్చుంది. దురద. జీవితంలో ఎప్పుడూ లేనంత దురద. కుడిచెయ్యి లేవబోయింది. ఆమె ఆ చేతిని, బజారులో పసివాడి చెయ్యి బిగించి పట్టుకునే తల్లిలా, లోపలినుంచి బిగించి పట్టుకుంది. అంటించుకోవడానికి లేదు కాబట్టి మోయాలి. సూదిని పడుకోబెట్టినంత వాలుగా దించి, పూస కిందికి జరిపింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద సూది అదురుతోంది. ఆమె ఊపిరి ఆపి, ఒక అదురుకూ ఇంకో అదురుకూ మధ్య దొరికిన సందులో మాత్రమే కదిలించడం మొదలుపెట్టింది. ఒక వెంట్రుక వాసి. ఆగడం. ఇంకో వెంట్రుక వాసి. పూస సూది మీద ఊరికే కూర్చుని ఉంది, ఏ ఆధారమూ లేకుండా. గదిలో ఎవరూ దగ్గలేదు. పంతొమ్మిదేళ్ళలో ఆమె అంత గొప్పగా ఎప్పుడూ ఏరలేదు, ఆ తర్వాత కూడా ఏరబోదు.

పూస పలక మీద దిగింది. పదకొండు నిమిషాలు పట్టింది.

ఇందాక గడియారం చూసుకున్నాయనే ముందు చప్పట్లు కొట్టాడు. మిగతా ఇద్దరూ కలిశారు. గ్రాఫమ్మ కొట్టలేదు. తెరవైపు చూస్తూ, కోపం కూడా లేకుండా, "ఇంత బాగా వచ్చు కదక్కా నీకు," అంది.

సూదక్క మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

ఇక మిగిలినదంతా కాగితాల పని. ఒక పరిశోధక విద్యార్థిని అజాగ్రత్త వల్ల నమూనాలకు చేతి క్రీము అంటిందని, అందుకు చింతిస్తూ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పెద్దాయన రాశాడు. ఆయన నిజాయితీని మెచ్చుకుంటూ నలుగురు ఉత్తరాలు రాశారు. సంగతి క్రీము దగ్గర ఆగకుండా ముక్కు దాకా వెళ్ళివుంటే వాళ్ళే, ఆ కిటుకు నేర్పిందెవరు అని అడిగేవాళ్ళు. గ్రాఫమ్మ నాలుగేళ్ళ పరిశోధన రద్దయింది, ఆ చదువు ఇంకెక్కడా అక్కరకు రాకుండా ఆమె పేరు పక్కన ఒక వాక్యం చేరింది. అట్టపెట్టె పట్టుకుని వెళ్ళిపోతూ స్టూలు దగ్గర ఒక్క క్షణం ఆగింది. సూదక్క వీపు చూసి వెళ్ళిపోయింది.

ఇంట్లో అంతా బాగానే ఉంది. ఆ పిల్ల సంగతి విని తోడికోడలు, చదువుకున్నోళ్ళకి పొగరెక్కువ, నీ అంత నెమ్మది ఎక్కడొస్తుంది అంది. సూదక్క కాఫీ తాగింది.

నెల తిరక్కుండా స్టూలు పైన కెమేరా బిగించారు. మట్టి ఇచ్చినవాళ్ళ షరతు అది. ఎర్రదీపం వెలుగుతూ, ఆమె నెత్తినీ ముఖాన్నీ చేతుల్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూస్తూ ఉండేది. మాస్కు ఒక అంగుళం కాదుగదా, వెంట్రుక వాసి కూడా దిగడానికి లేదు. సూదక్క రోజుకు అయిదు ఏరింది. ఒక్కోరోజు ఆరు. ఊపిరి ఆపి ఆపి మధ్యాహ్నానికి కళ్ళు తిరిగేవి, రాత్రి అన్నం తింటుంటే వేళ్ళు గట్టిగా కొంకర్లు పోయేవి. మొగుడు ఆ వేళ్ళను విడదీస్తూ లేత్‌కు నూనె వేసినట్టు వీటికీ వెయ్యాలేమో అన్నాడు. ఆమె చెయ్యి లాగేసుకుంది.

పదిహేను రోజులు చూసి పెద్దాయన పిలిపించాడు. బల్ల మీద ఆమె పలకలు పేర్చి ఉన్నాయి.

"ఇదేంటమ్మా, అయిదూ ఆరూ?"

"అంతకంటే రావట్లేదండి."

"పదకొండు నిమిషాలకి ఒకటి ఏరావు, ముగ్గురు పెద్దల ముందు. ఎనిమిది గంటలకి నలభైమూడు అవుతాయి. ఇదివరకైతే అరవై ఏరేదానివి. ఇదివరకు ఎలా ఏరేదానివో అలాగే ఏరు."

ఆయన ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. కళ్ళలోకి చూస్తూనే అన్నాడు. ఇదివరకు ఎలా ఏరేదో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. చెప్పడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు. ఆయన చెప్తే వ్యాసం వెనక్కి తీసుకున్న ఉత్తరం అబద్ధమవుతుంది, ఆమె చెప్తే వీధినపడ్డ పిల్ల మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. సూదక్క నోరు తెరిచింది. ఆయన ఆగాడు, ఆమె ఏమంటుందో నిజంగానే వినాలన్నట్టు. ఆమె నోరు మూసుకుంది.

"నెలాఖరుకల్లా రోజుకి నలభై రావాలి. లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాను. బలవంతం లేదు, స్టూలు నీదే," అని ఆయన కాగితాల్లో తల దూర్చాడు.

ఆమె వచ్చి స్టూలెక్కింది. నెలాఖరుకు తొమ్మిది రోజులుంది. మాస్కు కళ్ళదాకా లాక్కుని, కొత్త సూది విప్పి, పళ్ళెం లాక్కుంది. మొదటి పూస గెంతింది. రెండోది గెంతింది. మూడో పూస సూది మీదికి వచ్చే వేళకు కుడిచెయ్యి కొంకర్లు పోయింది. ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని, ఆ చేతిని ఒక బరువులా ఎత్తి, మెల్లగా, గుండె చప్పుళ్ళ సందుల్లోంచి, పలకవైపు జరపసాగింది.